అమ్మ కాగితాల మీద నాన్న నంబరు: ఇంట్లో చేసిన బార్‌కోడ్‌ల కేసు

ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో కేసు ఫైళ్లు తయారుచేయడం నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అమ్మానాన్నలను అమెరికా తెచ్చుకోవాలనుకునే తెలుగువాళ్లు ఎక్కువ. ఈ కేసు 2012-13 నాటిది. అప్పట్లో నేషనల్ వీసా సెంటర్‌కి (పిటిషన్ ఆమోదం పొందాక ఫీజులు, కాగితాలు తీసుకుని కేసును కాన్సులేట్‌కి పంపే అమెరికా ప్రభుత్వ కార్యాలయం) కాగితాలు పోస్టులో వెళ్లేవి, ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తున్నాం. అయినా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. "మనమే ఒక బార్‌కోడ్ వేసి పంపితే త్వరగా అవుతుంది కదండీ" అనే మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. అందులో కొంత నిజం ఉంది కాబట్టే ఆ మాట ప్రమాదకరం.

పేర్లు, ఊళ్లు, నంబర్లు అన్నీ తీసేశాను. కేసుకు అవసరం లేని కుటుంబ వివరాలు కూడా రాయడం లేదు.

నేపథ్యం

అబ్బాయి అమెరికన్ సిటిజన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లిదండ్రులిద్దరికీ పిటిషన్లు వేశాడు. ఇద్దరికీ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తల్లిదండ్రులు 'ఇమ్మీడియట్ రిలేటివ్' కేటగిరీలోకి వస్తారు. ఆ కేటగిరీలో ఒకరి పిటిషన్ మీద మరొకరు వెంట రావడం కుదరదు. నాన్నకో ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్ ఫారం), అమ్మకో ఐ-130 వేయాలి. ఆమోదం వచ్చాక రెండు ఫైళ్లూ న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న వీసా సెంటర్‌కి చేరతాయి. అక్కడ ఒక్కో ఫైలుకీ ఒక్కో కేసు నంబరు పడుతుంది.

ఆ నంబరు ఎలా ఉంటుందో తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది. మొత్తం 13 స్థానాలు. మొదటి మూడూ కాన్సులేట్ అక్షరాలు, ముంబైకి 'బీఎంబీ'. తర్వాతి నాలుగంకెలు ఏడాది. ఆ తర్వాతి మూడు, ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో దానికి 500 కలిపితే వచ్చే సంఖ్య. చివరి మూడు ఆ రోజు వరుస నంబరు. ఒకేరోజు చేరిన భార్యాభర్తల ఫైళ్లకు పక్కపక్క నంబర్లు వచ్చే అవకాశం ఎక్కువ. వీళ్లకూ అలాగే వచ్చాయి. పన్నెండు స్థానాలు ఒకటే, ఆఖరి అంకె ఒక్కటే తేడా.

ఫీజులు రెండు రకాలు ఉండేవి. ఆర్థిక బాధ్యత పత్రం, అంటే ఐ-864 పరిశీలనకు 88 డాలర్లు, వీసా దరఖాస్తుకు 230 డాలర్లు. ఆన్‌లైన్‌లో కట్టాక కొన్ని రోజులు 'ఇన్ ప్రాసెస్' అని చూపిస్తుంది. 'పెయిడ్' అని మారాక అక్కడే కవర్ షీట్ ప్రింట్ తీసుకునే వీలు వస్తుంది. ఆ కవర్ షీట్ మీద బార్‌కోడ్ ఉంటుంది. దాన్ని పైన పెట్టి, కింద కాగితాలు పేర్చి పంపాలి. ఈ కవర్ షీట్‌లు కేసుకు వేరు, ఫీజు రకానికి వేరు.

ఇక అమ్మగారి కాగితాల సంగతి. ఆవిడ పల్లెటూళ్లో, ఇంట్లో పుట్టారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టిన చాలామందికి లాగే ఆవిడకూ జనన ధ్రువపత్రం లేదు. అందుకని రికార్డుల్లో నమోదు లేదని స్థానిక కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్, దానికి తోడు పెద్దవాళ్లయిన బంధువుల అఫిడవిట్లు పెట్టారు. అఫిడవిట్లలో పుట్టింటి ఇంటిపేరు ఉంది. పాస్‌పోర్టులో, పిటిషన్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. మనకు ఇది మామూలు విషయం. కానీ ఆ కాగితం కట్టలోంచి విడిపోయి ఒంటరిగా దొరికితే, అది ఏ కేసుదో పేరును బట్టి చెప్పడం కష్టం. అబ్బాయి భయం కూడా ఇదే. ఆ భయం సరైనదే. దానికి అతను వెతుక్కున్న మందే వికటించింది.

మా దగ్గరికి వచ్చేసరికి

అప్పటిదాకా అంతా సొంతంగా చేసుకున్నాడు. నాన్నగారి కేసు సాఫీగా సాగుతోంది. అమ్మగారి కేసులో మాత్రం చెక్‌లిస్ట్ లెటర్ వచ్చింది. ఐ-864 అందలేదు, జననానికి సంబంధించిన పత్రాలు అందలేదు అని దాని సారాంశం. అతనేమో రెండుసార్లు పంపానంటాడు. రెండుసార్లూ డెలివరీ అయినట్టు రసీదులు ఉన్నాయి.

మొదటి కట్టలో ఇద్దరి కాగితాలూ ఒకే కవరులో పెట్టి, పైన నాన్నగారి కవర్ షీట్ ఒక్కటే పెట్టాడు. స్పాన్సర్ ఒక్కడే, ట్యాక్స్ రిటర్న్‌లు అవే, జీతం స్లిప్పులు అవే, అలాంటప్పుడు రెండు కవర్లు ఎందుకనుకున్నాడు. పైగా అప్పటికి అమ్మగారి ఫీజు ఇంకా 'ఇన్ ప్రాసెస్'లో ఉంది, ఆవిడ కవర్ షీట్ ప్రింట్‌కి రాలేదు. ఆగడం ఇష్టంలేక ఉన్నదానితో పంపేశాడు.

అమ్మగారి కేసులో కదలిక లేకపోవడంతో రెండో కట్ట తయారుచేశాడు. ఈసారి ప్రతి కాగితం మీదా కేసు నంబరు బార్‌కోడ్‌గా ప్రింట్ చేసిన లేబుల్ అతికించాడు. స్కానర్ కింద ఏ కాగితం పడినా అమ్మ ఫైల్లోకే వెళ్తుందని నమ్మకం. చెక్‌లిస్ట్ లెటర్ వచ్చింది దీని తర్వాతే.

మమ్మల్ని అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది: "లేబుల్ నాణ్యత బాగాలేక చదవలేదేమోనండీ, లేజర్ ప్రింటర్ మీద మంచివి తీసి మూడోసారి పంపుదామా?"

మొదటి నిర్ణయం: వెంటనే ఏమీ పంపకపోవడం

క్లయింటు టెన్షన్‌లో ఉన్నప్పుడు ఏదో ఒకటి పంపేస్తే అతనికి ఊరట కలుగుతుంది. కానీ రెండుసార్లు చేరిన కాగితాలు ఎక్కడున్నాయో తెలియకుండా మూడోసారి పంపితే, అవీ అక్కడికే చేరవచ్చు. అందని కాగితం అని లెటర్‌లో ఉంటే రెండు అర్థాలు ఉంటాయి: అసలు రాలేదు, లేదా వచ్చి వేరేచోట చేరింది. రసీదులు ఉన్నాయి కాబట్టి మొదటిది కాదు. అలాంటప్పుడు వెతకాల్సింది అమ్మగారి కేసులో కాదు. పక్క నంబరులో వెతకాలి.

లాయరు గారి తరఫున ఫోన్ చేసినప్పుడు నాన్నగారి కేసు నంబరు చెప్పి, ఆ ఫైల్లో ఏమేమి ఉన్నాయని అడిగాం. ఐ-864లు రెండు ఉన్నాయి. ఒకటి ఆయనది, ఒకటి అమ్మగారిది. మొదటి కట్టలో ఆయన కవర్ షీట్ కిందే అమ్మగారి కాగితాలూ ఉన్నాయి కాబట్టి అవి ఆయన ఫైల్లోకి వెళ్లడంలో వింత లేదు. పైన ఉన్న షీటు ఏ కేసు చెప్పిందో కింద ఉన్న కట్ట ఆ కేసుకే చేరుతుంది.

అయితే రెండో కట్ట ఏమైంది? దానిమీద అమ్మగారి నంబరు వేశానని అతను ఖాయంగా చెబుతున్నాడు. లేబుల్ మీద చారల కింద మామూలు అంకెల్లో ఉన్నది నిజంగానే ఆవిడ నంబరు. మేం చూసిన కాపీలో తేడా ఏమీ లేదు.

బార్‌కోడ్‌ను చదివించి చూశాం

ఈ కేసులో నాకు బాగా గుర్తుండిపోయిన భాగం ఇదే. అతని దగ్గర లేబుళ్ల ఫైలు ఉంది, మిగిలిన లేబుళ్లూ ఉన్నాయి. అవి తెప్పించి బార్‌కోడ్ స్కానర్‌తో ఒక్కొక్కటీ చదివించాం.

మొదటి షీటు లేబుళ్లు అసలు చదవలేదు. కారణం కనిపెట్టడానికి కాస్త టైమ్ పట్టింది. అతను వాడింది కోడ్ 39 ఫాంట్. ఇది చాలా పాత, చాలా సులువైన బార్‌కోడ్. 1974లో ఇంటర్‌మెక్ అనే కంపెనీలో డేవిడ్ అలైస్, రే స్టీవెన్స్ రూపొందించారు. ఒక్కో అక్షరానికి ఐదు నల్ల చారలు, వాటి మధ్య నాలుగు ఖాళీలు, మొత్తం తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో మూడు వెడల్పుగా ఉంటాయి. పేరులోని 39 వచ్చింది 'తొమ్మిదిలో మూడు' అన్నదాని నుంచే. ఫాంట్ ఉంటే చాలు, టైప్ చేసినది చారలుగా మారిపోతుంది. కానీ నంబరుకు ముందు ఒక నక్షత్రం గుర్తు, వెనక ఒక నక్షత్రం గుర్తు తప్పనిసరి. కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్కానర్‌కి చెప్పేవి అవే.

అతను నక్షత్రాలు పెట్టాడు. కానీ చాలా వర్డ్ ప్రాసెసర్లలో ఒక సౌకర్యం ఉంటుంది. రెండు నక్షత్రాల మధ్య ఏదైనా టైప్ చేస్తే దాన్ని బోల్డ్ చేయమన్నట్టు తీసుకుని, నక్షత్రాలను తీసేసి, మధ్యలోదాన్ని లావు చేసేస్తుంది. ఇక్కడ జరిగింది అదే. మొదలు, ముగింపు గుర్తులు మాయమయ్యాయి. చారలు లావెక్కి, మధ్యలో ఖాళీలు సన్నబడ్డాయి. కంటికి మాత్రం నిక్షేపంలాంటి బార్‌కోడ్‌లా ఉంది. ఇంకా నల్లగా, ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది కూడా!

కొలతలు కూడా కుదరలేదు. పదమూడు స్థానాలకు రెండు నక్షత్రాలు కలిపితే పదిహేను. సన్నచార మందం అంగుళంలో నూరోవంతు, వెడల్పు చార దానికి రెండున్నర రెట్లు అనుకుంటే, చారలకే సుమారు 2.2 అంగుళాలు కావాలి. ఇటు అటు పావు అంగుళం చొప్పున తెల్లగా వదలాలి, లేకపోతే పక్కనున్న గీతలను కూడా స్కానర్ చారలనుకుంటుంది. మొత్తం 2.7 అంగుళాలు. అతను వాడిన అడ్రస్ లేబుల్ వెడల్పు 2.6. పట్టడం కోసం కుదించాడు, అంచులదాకా చారలు వచ్చేశాయి.

ఈ షీటు వల్ల నష్టం లేదు. స్కానర్ చదవకపోతే మనిషి చూస్తాడు, కింద ఉన్న అంకెలు చదువుతాడు, అవి సరైనవే. చదవని బార్‌కోడ్‌తో పోయేది కాస్త సమయమే.

రెండో షీటు వేరే సంగతి. బోల్డ్ సమస్యను అతనే గమనించి సరిచేసుకుని, వేరే లేబుళ్లు తీశాడు. ఇవి స్కానర్ పెట్టగానే టక్కున చదివాయి. చదివింది నాన్నగారి నంబరు.

ఫైలు తెరిచి చూస్తే విషయం బోధపడింది. లేబుల్లో రెండు టెక్స్ట్ బాక్సులు ఉన్నాయి. పై బాక్సులో చారల ఫాంట్, కింద బాక్సులో మామూలు ఫాంట్. ముందు నాన్నగారి కోసం ఒక నమూనా చేసుకుని, దాన్నే కాపీ చేసి అమ్మగారికి మార్చాడు. కింద అంకెలు మార్చాడు, పైన చారలు మార్చలేదు. పదిహేను గుంపుల్లో ఒకే ఒక్క గుంపు తేడా. ఎంత శ్రద్ధగా చూసినా మనిషి కంటికి అది దొరకదు. మేం ఆ లేబుల్‌ని సరైన లేబుల్ పక్కన పెట్టి చూశాం. చివర్లో ఎక్కడో ఒక చార సన్నం, ఒక చార లావు. తేడా ఉందని తెలిశాక వెతికితేనే కనిపించింది.

కోడ్ 39కి తనిఖీ అంకె తప్పనిసరి కాదు, కావాలంటే పెట్టుకోవచ్చు. "అది పెట్టి ఉంటే దొరికేదా?" అని అబ్బాయి అడిగాడు. దొరకదు. తనిఖీ అంకె స్కానర్ తప్పు చదివితే పట్టుకుంటుంది. మనం తప్పు నంబరు ఇచ్చి, స్కానర్ దాన్ని ఒప్పుగా చదివితే అది మాత్రం ఏం చేస్తుంది? నాన్నగారి నంబరు చెల్లుబాటయ్యే నంబరే. అది నిజమైన కేసు, తెరిచి ఉన్న కేసు, అదే ఇంటిపేరు, అదే చిరునామా, అదే స్పాన్సర్. తప్పు పట్టుకోవడానికి ఆధారమే లేదు.

ఆ కట్టలో ఏ కాగితానికి ఏ షీటు లేబుల్ పడిందో అతనికి గుర్తులేదు. రెండూ కలిపి వాడాడు.

కవర్ షీట్ విషయం

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది అతను మామూలుగా, మాట మధ్యలో చెప్పిన విషయం. రెండో కట్ట పైన కవర్ షీట్ పెట్టావా అని అడిగితే పెట్టానన్నాడు. అమ్మగారిది ప్రింట్‌కి వచ్చిందా అంటే, "రాలేదండీ, నాన్నది స్కాన్ చేసి, బార్‌కోడ్ తీసేసి, అమ్మది పెట్టి ప్రింట్ తీశాను" అన్నాడు.

అతని మనసులో మోసం లేదు, ఆ మాట నేను ఖాయంగా చెప్పగలను. ఒక ఫారం లేదు, పోలినది చేసుకున్నాడు, అంతే. కానీ తన కేసు నంబరు తాను ఒక లేబుల్ మీద చారల్లో రాసుకోవడం వేరు, ప్రభుత్వం జారీ చేసిన షీటులాంటిదాన్ని ఇంట్లో తయారుచేసి దాని స్థానంలో పెట్టడం వేరు. మొదటిది అనవసరం కావచ్చు, తప్పు కాదు. కోడ్ 39 ఎవరి సొత్తూ కాదు, కేసు నంబరు అతని తల్లిదే. రెండోది ఎవరైనా అధికారి చూసి ప్రశ్నిస్తే జవాబు చెప్పుకోవాల్సింది ముంబై కాన్సులేట్ కిటికీ ముందు నిలబడే ఆ తల్లి. షీటు తయారుచేసిన కొడుకు అక్కడ ఉండడు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని తప్పు చూపినట్టు తేలితే అమెరికా ఇమిగ్రేషన్ చట్టం 212(ఎ)(6)(సీ) కింద శాశ్వత అనర్హత దాకా వెళ్తుంది. కవర్ షీట్ లాంటిది అంత ముఖ్యమైన విషయం కిందికి రాదని లాయరు గారి అభిప్రాయం, నేనూ ఒప్పుకున్నాను. అయినా, వాదించి గెలవగలిగిన ప్రశ్న కన్నా అసలు తలెత్తని ప్రశ్న మేలు కదా. అమ్మగారి వయసుకి ఆ కిటికీ ముందు అదనంగా ఒక్క ప్రశ్న కూడా రాకూడదనే మా ఆలోచనంతా.

విచిత్రం ఏమిటంటే, మేం అతని లాగిన్ తెరిపించి చూసేసరికి అమ్మగారి ఫీజులు రెండూ 'పెయిడ్' అని ఉన్నాయి. ఆవిడ అసలు కవర్ షీట్‌లు ప్రింట్‌కి సిద్ధంగా ఉన్నాయి. బార్‌కోడ్‌ల పనిలో పడి అతను మళ్లీ ఆ పేజీ తెరవలేదు.

బార్‌కోడ్‌లు సరిచేసి వాడదామా, మానేద్దామా

దీనిమీద ఆఫీసులో నిజంగానే చర్చ జరిగింది. అబ్బాయి వాదన తీసిపారేయదగింది కాదు. అమ్మగారి అఫిడవిట్ మీద ఇంటిపేరు వేరు, దానికి కేసుతో ఏదో ఒక ముడి ఉండాలి. సరిగ్గా చేసిన బార్‌కోడ్ ఆ ముడే కదా అన్నాడు. చారలు సరిచేసి, స్కానర్‌తో పరీక్షించి పంపితే నష్టమేముంది?

మేం వద్దనుకోవడానికి కారణాలు ఇవి. జారీ అయిన కవర్ షీట్ మీద ఉన్న బార్‌కోడ్ వాళ్ల వ్యవస్థ వాళ్ల స్కానర్ కోసం వేసుకున్నది. దాన్ని చదవడానికే ఆ స్కానర్ ఉంది. మన లేబుల్‌ని చదువుతామని ఎవరూ మాటివ్వలేదు. చదవకపోతే దానివల్ల ఉపయోగం సున్నా. చదివితే, ఒకే కట్టలో ఆదేశాలు ఇచ్చే గుర్తులు రెండు రకాలవుతాయి. రెండూ ఒకటే చెప్పినప్పుడు రెండోది దండగ, వేర్వేరుగా చెప్పినప్పుడు రెండోది ప్రమాదం. ఇక ముడి కావాలంటే దానికి చారలు అక్కర్లేదు. పేజీ పైన కుడి మూలన మనిషి చదవగలిగే అంకెల్లో కేసు నంబరు, లబ్ధిదారు పేరు, పుట్టిన తేదీ రాస్తే చాలు. తప్పు రాసినా అది కంటికి కనబడుతుంది, పంపేముందు మేం పట్టుకోవచ్చు, అక్కడి గుమాస్తా కూడా పట్టుకోవచ్చు. బార్‌కోడ్‌లో తప్పు మనకూ కనబడదు, వాళ్లకూ కనబడదు. యంత్రం మాత్రం తప్పని తెలియకుండానే దాన్ని పాటిస్తుంది.

లాయరు గారు ఒక్క మాటలో తేల్చారు: మనం చదవలేని గుర్తును మన సంతకం ఉన్న కాగితం మీద పెట్టొద్దు.

ఏం చేశాం

అమ్మగారికి విడిగా ఒక కట్ట, విడిగా ఒక కవరు. పైన చెక్‌లిస్ట్ లెటర్, దాని కింద ఆవిడ సొంత కవర్ షీట్. ప్రింట్ తీసేటప్పుడు 'పేజీకి సరిపోయేలా కుదించు' అన్నది తీసేసి, అసలు సైజులో లేజర్ ప్రింటర్ మీద తీశాం. బార్‌కోడ్ దగ్గర పిన్ను కొట్టలేదు, పంచ్ వేయలేదు, హైలైటర్ తగలనివ్వలేదు.

ఐ-864 కొత్తగా సంతకం చేయించాం. అప్పట్లో అసలు సంతకం ఉన్న కాగితమే పంపాలి. నాన్నగారి ఫైల్లో చిక్కుకున్నదాన్ని ఇటు మార్చమని అడగవచ్చు, ఉత్తరం రాసి అడిగాం కూడా, కానీ దానిమీద ఆధారపడలేదు. కొడుకు సంతకం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది. దానికోసం ఎదురుచూడడంలో అర్థం లేదు.

జనన నమోదు లేదన్న సర్టిఫికెట్ విషయంలో మాత్రం లెక్క వేరు. దాని ఒరిజినల్ మీద అతను లేబుల్ అతికించాడు. సంతకం పక్కన ఖాళీ ఉందని అక్కడ అతికించాడు. లేబుల్ అంచు కార్యాలయం గుండ్రటి ముద్ర మీదికి ఎక్కింది. అతని దగ్గరున్న ఫొటో కాపీలో ముద్రలో మూడోవంతు కనిపించడం లేదు. కాన్సులేట్ అధికారి ఆ కాగితంలో ముందు చూసేది ఆ ముద్రనే. లేబుల్ పీకితే ముద్ర చెరిగిపోతుంది, ఉంచితే ఏదో కప్పిపెట్టినట్టుంటుంది. కాబట్టి ఊళ్లో మరో ఒరిజినల్ తీయించమన్నాం. నాన్నగారు ఎండలో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా బాధ కలిగించింది అదే. ఒరిజినల్స్ మీద మేం ఒక్క అక్షరం కూడా రాయం. పారదర్శకమైన కవరులో పెట్టి, ఆ కవరు మీద కేసు నంబరు వేస్తాం.

రెండు ఇంటిపేర్ల సంగతి ఒక పేజీ ఉత్తరంలో వివరించాం. పెళ్లికి ముందు ఇంటిపేరు ఇది, పెళ్లయ్యాక ఇది, అఫిడవిట్‌లోని వ్యక్తి, పాస్‌పోర్టులోని వ్యక్తి ఒక్కరే, ఆధారం ఫలానా పేజీలో ఉంది అని. అఫిడవిట్లు కూడా కొత్తగా రాయించి, అందులో రెండు పేర్లూ పక్కపక్కన ఉండేలా చూశాం. బార్‌కోడ్‌తో అతను తీర్చాలనుకున్న సమస్యను తీర్చింది ఈ ఉత్తరమూ అఫిడవిట్లే.

వేరే ఉత్తరంలో, రెండు కేసు నంబర్లూ ఇచ్చి, అమ్మగారి కాగితాలు కొన్ని నాన్నగారి ఫైల్లో చేరినట్టున్నాయని, కవర్ షీట్ ఇంట్లో తయారైనది ఒకటి వచ్చి ఉండవచ్చని, దాని బదులు జారీ అయిన షీటు ఇప్పుడు పంపుతున్నామని రాశాం. ఈ చివరి వాక్యం రాయాలా వద్దా అని లాయరు గారు బాగా ఆలోచించారు. రాయకపోతే ఎవరూ అడగకపోవచ్చు. కానీ తర్వాతెప్పుడో ఎవరైనా అడిగితే, మేమే ముందు చెప్పామన్న కాగితం ఫైల్లో ఉండాలి. రాయడమే మంచిదన్నారు. ఇప్పుడు అదే పరిస్థితి వచ్చినా నేను అదే సలహా ఇస్తాను.

అమ్మగారి కేసు పూర్తయినట్టు సమాచారం వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ ముంబైలో ఇంటర్వ్యూలు అయ్యాయి, ఇద్దరికీ వీసాలు వచ్చాయి. అమ్మగారిని పుట్టింటి ఇంటిపేరు గురించి అడిగారు, కొత్త అఫిడవిట్ చూపించారు. బార్‌కోడ్‌ల గురించి ఎవరూ అడగలేదు.

నేర్చుకున్నవి, ఇప్పటికీ పనికొచ్చేవి

ఆ కేసు తర్వాత భార్యాభర్తల ఫైళ్లకు మా ఆఫీసులో రంగు మార్చాం. నాన్నగారి ఫోల్డర్ ఒక రంగు, అమ్మగారిది మరో రంగు. ఒకరు తయారుచేసిన కట్టను మరొకరు చివరి అంకె గట్టిగా చదువుతూ సరిచూస్తారు. చివరి అంకె అని ఎందుకంటున్నానంటే, మనిషి పొడవాటి నంబరును మొదటి నుంచి చదువుతూ మధ్యకి వచ్చేసరికి 'ఆ, అదే' అనుకుని ఆపేస్తాడు. తేడా ఉండేదేమో చివర్లో.

కాగితాలు పోయి అప్‌లోడ్‌లు వచ్చాక ఈ రకం తప్పు పోలేదు, రూపం మార్చుకుంది. ఇప్పుడు కేసు నంబరు, ఇన్వాయిస్ ఐడీ వేసి లాగిన్ అవుతాం. అమ్మానాన్నలకు రెండు లాగిన్లు. ఒక ట్యాబ్‌లో నాన్నది, మరో ట్యాబ్‌లో అమ్మది తెరిచి పెట్టుకుని అమ్మ అఫిడవిట్‌ను నాన్న ట్యాబ్‌లో ఎక్కించినవాళ్లను చూశాను. ఒకటి పూర్తిగా లాగౌట్ అయ్యాకే రెండోది తెరవమని చెబుతాం. పీడీఎఫ్ పేరులో 'అఫిడవిట్ ఫైనల్' అని కాకుండా మనిషి పేరు, చివరి మూడంకెలు పెట్టమంటాం.

యూఎస్‌సీఐఎస్, అంటే పిటిషన్లు పరిశీలించే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ, దాని ఫారాల విషయంలో కూడా జనం ఇలాంటి ప్రయోగాలు చేస్తుంటారు. ఆ ఫారాల్లో చాలావాటికి ప్రతి పేజీ కింద బార్‌కోడ్ ఉంటుంది. ఒక పేజీ పాడైతే పాత ఎడిషన్ నుంచి ఆ పేజీ తీసి కలపడం, బార్‌కోడ్ మసకగా వచ్చిందని వేరే పేజీది కత్తిరించి అతికించడం చూశాను. పేజీలన్నీ ఒకే ఎడిషన్‌వి కాకపోతే ఫారం వెనక్కి రావచ్చు. మసకగా వస్తే ఆ ఫారం మొత్తాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసి, మళ్లీ నింపి, మళ్లీ ప్రింట్ తీయడమే. గంట పని, కానీ దగ్గరిదారి లేదు.

ఈమధ్య విజిటర్ వీసాకు వెళ్తున్న ఒకాయన ఫోన్ చేశారు. డీఎస్-160 (ఆ వీసాకు ఆన్‌లైన్‌లో నింపే దరఖాస్తు) రెండుసార్లు నింపారట. అపాయింట్‌మెంట్ మొదటి కన్ఫర్మేషన్ నంబరు మీద ఉంది, సరైన వివరాలు ఉన్నది రెండోదాంట్లో. "పీడీఎఫ్‌లో నంబరు, బార్‌కోడ్ మార్చేస్తే సరిపోతుందని ఒక ఏజెంటు చెప్పాడండీ, ఐదు నిమిషాల పనట" అన్నారు. కన్ఫర్మేషన్ పేజీ ముట్టుకోవద్దని, అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లోకి వెళ్లి అక్కడ పాత నంబరు తీసి 'ఏఏ'తో మొదలయ్యే కొత్త నంబరు పెట్టుకోమని, ఆ తర్వాత అపాయింట్‌మెంట్ లెటర్ మళ్లీ ప్రింట్ తీసి, రెండు కాగితాల మీదా నంబరు చివరి నుంచి మొదటికి చదివి సరిచూసుకోమని చెప్పాను. అది కూడా ఐదు నిమిషాల పనే.